మూడు ప్రశ్నల కాగితం

గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఏళ్ళు కాయలకు ముచ్చికలు తీశాను నేను. కాయను చూసి రకం చెప్పేవాళ్ళను ఎంతోమందిని చూశాను. పిల్లను చూసి, ఆ పిల్ల భాష ఒక్క ముక్క తెలియకుండానే, లోపల ఏముందో చెప్పినామెను మాత్రం ఒక్కదాన్నే చూశాను. ఆమె సంగతి చెబుతాను. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. గొంతు కూడా వినసొంపుగా ఉండదు. ఆ మిరప ఘాటుకి ఎప్పుడో బొంగురుపోయింది, మళ్ళీ బాగుపడలేదు.

మా ఆయన పోయేనాటికి అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కష్టపడి చదువుకుంది, ఎంసీఏ చేసింది, పెళ్ళయ్యాక అమెరికాలో క్యారీ అనే ఊరు వచ్చింది. మొగుడూ పెళ్ళాలిద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. మావాళ్ళ ఇళ్ళల్లో అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పిల్ల ఇక్కడ పుడుతుంది, నీలం రంగు పాస్‌పోర్టు వస్తుంది, ఎనిమిదో నెల రాగానే ఇండియాలో అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో వదిలి వస్తారు. ఉద్యోగాలంటారు, డేకేర్ అంటారు, వీసా అంటారు. ఒక్క ఏడాదే అనుకుంటారు. మా మనవరాలి విషయంలో ఆ ఒక్క ఏడాది ఐదేళ్ళు దాటింది. ఆరో ఏడు నిండుతుండగా నేనే వెంటబెట్టుకుని తీసుకొచ్చాను.

ఆ పిల్ల నోటి గురించి ముందు చెప్పాలి. పొద్దున కళ్ళు తెరవకముందే నోరు తెరిచేది. అరటిపళ్ళ బండి అతను వస్తే నాకంటే ముందు తనే బేరం. "ఏంది బాబాయ్, నిన్న నాలుగిచ్చి ఇయ్యాల మూడేనా? పళ్ళు చిక్కిపోయినాయా, నువ్వు చిక్కిపోయినావా?" అనేది. అతను నవ్వి ఇంకో పండు పెట్టేవాడు. విమానం ఎక్కి మబ్బుల మీదికి రాగానే, "అమ్మమ్మా, మబ్బు మన కింద ఉంది గదా, మరి వాన మనమీదికి ఎట్టా పడుద్ది? మనమీద పడదంటే డ్రైవర్ బండి ఎట్టా కడుగుతాడు?" అని అడిగింది. పక్క సీటాయన నిద్రపోవడం మానేసి విన్నాడు.

ఆగస్టులో బళ్ళో చేర్పించడానికి కాగితాలు నింపుతున్నారు. డైనింగ్ టేబుల్ నిండా కాగితాలే. ఇంటి అద్దె కాగితం, కరెంటు బిల్లు, టీకాల లిస్టు, బర్త్ సర్టిఫికెట్. చివర ఒక్క పేజీ మిగిలింది. అందులో మూడే ప్రశ్నలు. అల్లుడు సరదా మనిషి, అవి తెలుగులోకి మార్చి చదివాడు.

"అత్తయ్యా, మీకో క్విజ్. మీ మనవరాలు మొట్టమొదట మాట్లాడిన భాష ఏది?"

"అదేం ప్రశ్న బాబూ? 'అమ్మమ్మా బువ్వ' అంది. అది ఏ భాషో మీరే రాసుకోండి."

"రెండోది. పాప ఎక్కువగా ఏ భాషలో మాట్లాడుతుంది? మూడోది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?"

మా అమ్మాయి పొయ్యి దగ్గర నుంచి, "మీరు క్రికెట్ చూస్తూ తిడతారే, ఆ భాష రాయండి," అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

నవ్వుతూనే రాశాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదు కానీ, మూడు చోట్లా ఒకటే మాట రాశాడని కనిపించింది. తెలుగు అని రాశాడనుకున్నాను. "ఇంగ్లీష్ అని రాశాను అత్తయ్యా," అన్నాడు.

"అదేంటి బాబూ? దానికి ఇంగ్లీషు ఎక్కడొచ్చు?"

"తెలుగు అని రాస్తే పరీక్ష పెట్టి ఈఎస్ఎల్‌లో వేస్తారు. ఇంగ్లీషు రాని పిల్లల క్లాసు. మా ఆఫీసులో తెలుగువాళ్ళందరూ ఇంగ్లీష్ అనే రాయమన్నారు. ఒకసారి ఆ ముద్ర పడితే హైస్కూల్ దాకా పోదట. అయినా ఇది అమెరికన్ సిటిజన్. వీసా లేకుండా ఈ దేశంలో ఉండేది మనింట్లో ఇదొక్కతే."

మా అమ్మాయి మెల్లగా అంది. "ఇక్కడ పుట్టిన పిల్లకి ఇంగ్లీషు రాదని రాస్తే, ఇన్నాళ్ళూ ఎక్కడుంది అని అడుగుతారమ్మా. మా దగ్గర లేదు అని చెప్పాలి."

అసలు భయం అదీ. ఇప్పుడు ఇది రాస్తూ ఈ మాట దగ్గర మా అమ్మాయి కలం ఆపేసింది. రాయవే అన్నాను. రాసింది.

ఆ కాగితం బడికి వెళ్ళాక, దానికి తగ్గట్టు ఇల్లు మారాల్సి వచ్చింది. "అమ్మా, ఇకనుంచి పాపతో తెలుగు మాట్లాడకు. నువ్వు తెలుగు మాట్లాడినన్నాళ్ళూ దానికి ఇంగ్లీషు రాదు. పైగా రాసిచ్చాం గదా," అంది అమ్మాయి. నేను ఎదురు చెప్పలేదు. చదువు లేనిదాన్ని, కాగితం మీద రాసి సంతకం పెట్టాక అదే నిజం, మనం దాని ప్రకారం నడవాలి అనుకునే మనిషిని. నాకొచ్చిన ఇంగ్లీషు ఐదు ముక్కలు. కమ్, ఈట్, వాష్, వెయిట్, కేర్‌ఫుల్. ఆ ఐదు ముక్కలతో ఆరేళ్ళ పిల్లకి అమ్మమ్మగా ఉండాలి.

బస్సు దిగి పరిగెత్తుకొచ్చి, "అమ్మమ్మా, ఇయ్యాల బస్సులో—" అని మొదలుపెట్టేది. "నో తెలుగు," అనేదాన్ని. మొదటి రోజు నవ్వింది, ఆట అనుకుంది. నాలుగో రోజుకి నవ్వలేదు. పదో రోజుకి మొదలుపెట్టడమే మానేసింది. సోఫాలో కూర్చుని షూ లేసు ముడి వేసుకుంటూ విప్పుకుంటూ ఉండేది. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినిపించేది నాకు.

బళ్ళో చేర్చేముందు అమ్మా నాన్నా కూర్చోబెట్టి ఒక వాక్యం నేర్పారు. ఎవరేమడిగినా భయపడకుండా చెప్పమని. "ఐ యామ్ ఫైన్, థాంక్యూ." చక్కగా పట్టుకుంది. టీచర్ పాలు కావాలా జ్యూస్ కావాలా అంటే ఐ యామ్ ఫైన్ థాంక్యూ. పక్క పిల్ల ఆడుకుందామా అంటే ఐ యామ్ ఫైన్ థాంక్యూ. ఒకరోజు ఆటస్థలంలో పడి మోకాలు చీరుకుపోయింది. నెత్తురు సాక్సులోకి కారుతుంటే నర్సు ఎక్కడ నొప్పి అని అడిగిందట. "ఐ యామ్ ఫైన్, థాంక్యూ," అందట. ఏడవలేదట.

అక్కడినుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. ముందు చెవుల పరీక్ష చేశారు, బాగున్నాయన్నారు. కళ్ళు చూశారు, బాగున్నాయన్నారు. బడివాళ్ళను తప్పు పట్టడానికి లేదు. వాళ్ళ చేతిలో ఉన్న కాగితాల ప్రకారం పిల్ల అమెరికాలో పుట్టింది, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడతారు, మొదటి మాట ఇంగ్లీషులోనే మాట్లాడింది. అట్టాంటి పిల్ల ఒక్క వాక్యమే మాట్లాడుతూ, చెప్పింది అర్థంకాక గోడకేసి చూస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారు? మూడో ఉత్తరంలో ఆ మాటే రాశారు. పిల్ల బుద్ధి ఎదుగుదలలో తేడా ఉందేమో పరీక్షలు చేయాలి, అవసరమైతే వేరే క్లాసుకి మార్చాలి, ఒప్పుకుంటూ తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. వారం గడువు.

అమ్మాయి ఆ ఉత్తరం చదివి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. ఏడుపు వినపడకూడదని. నాకు వినపడింది.

"బుద్ధి తక్కువేంది దానికి? మనందరికీ కలిపి ఉన్నంత బుద్ధి దానికొక్కదానికే ఉంది. వెళ్ళి నిజం చెప్పండి బాబూ," అన్నాను.

అల్లుడు తల అడ్డంగా ఊపాడు. "ఎట్టా చెప్పను అత్తయ్యా? గ్రీన్‌కార్డుకి అప్లై చేసి ఉన్నాం. స్కూల్ కాగితంలో అబద్ధం రాశారని రికార్డులోకి వెళితే? మన ఫైలు ఎవరి చేతిలో ఉంటుందో, ఏం చూస్తారో మనకు తెలుసా?"

అదీ మా పరిస్థితి. సంతకం పెడితే పిల్లకు బుర్ర లేదని తేల్చే పరీక్షలు. నిజం చెబితే అబద్ధాలవాళ్ళం. ఇద్దరూ ఆఫీసుకి పోయి వచ్చి ఆ ఉత్తరాన్ని టేబుల్ మీద ఇటు నుంచి అటు జరిపేవాళ్ళు. పిల్ల ఆ ఇద్దరి ముఖాలూ చూసేది.

ఆ వారంలోనే ఒకరోజు లంచ్ బాక్స్ మర్చిపోయి వెళ్ళింది. ఫోన్ చేస్తే అమ్మాయి మీటింగ్‌లో ఉంది. బడి దారి నాకు తెలుసు, బస్సు వెళ్ళడం చూస్తుంటాను గదా. చీర మీద స్వెట్టర్ వేసుకుని, అల్లుడు కొన్న స్పోర్ట్స్ షూ వేసుకుని, పప్పన్నం డబ్బా పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాను. ఆ ఊళ్ళో కాలిబాటలు అద్దంలా ఉంటాయి, వాటి మీద మనుషులు ఉండరు. ఒక కారాయన అద్దం దించి లిఫ్ట్ కావాలా అన్నట్టు సైగ చేశాడు. ఐ యామ్ ఫైన్ థాంక్యూ అన్నాను నేను కూడా. మా ఇంట్లో అందరికీ వచ్చిన వాక్యం అదే.

బడి ఆఫీసులో బయటినుంచి వచ్చినవాళ్ళకు పెట్టే కాగితం ఒకటి నా స్వెట్టర్ మీద అంటించి కూర్చోబెట్టారు. డబ్బా చూపించి మనవరాలి పేరు చెప్పాను. కాసేపటికి పొడుగాటి వరండాలో అది వస్తూ కనబడింది, తల వంచుకుని, గోడకి చెయ్యి రాసుకుంటూ. తలెత్తి నన్ను చూసింది. ఇంక చూడండి.

"అమ్మమ్మా! నడిచొచ్చావా? ఒక్కదానివేనా? కుక్క అడ్డం రాలేదా? అమ్మమ్మా, ఇక్కడ గాజు పెట్టెలో చేప ఉంది, దానికి నేను పేరు పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. నా పక్కన పిల్లకి పన్ను ఊడింది, దాన్ని చిన్న డబ్బాలో పెట్టి ఇంటికి పంపించారు. పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలి గదా, ఇక్కడ పేడ ఎక్కడ దొరుకుద్ది, ఆ పిల్లకి మళ్ళీ పన్నెట్టా వస్తది? నేను చెబుదామనుకున్నా కానీ—"

రెండు నెలల మాటలు ఒక్కసారి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పుడు చూశాను, వరండాలో తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి, పొడుగు మనిషి, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది, చేతిలో పుస్తకాల బుట్ట. మమ్మల్నే చూస్తోంది. కాగితం మీద ఇంగ్లీషని రాసిచ్చాం, ఇదిక్కడ అరటిపళ్ళ బండి దగ్గర బేరమాడినంత గట్టిగా తెలుగు మాట్లాడుతోంది.

పిల్ల పెదాల మీద వేలు పెట్టాను. "ష్! నో తెలుగు."

కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ముఖం కూడా మారిపోయింది. ఆమె దగ్గరికొచ్చి, వంగి, నవ్వుతూ పిల్లను ఏదో అడిగింది. "ఐ యామ్ ఫైన్, థాంక్యూ," అంది మా పిల్ల. ఆమె పిల్లను చూసింది, నా వేలిని చూసింది, స్వెట్టర్ మీద అంటించిన కాగితం చూసింది. తల ఊపి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. కూతురి కాపురం నిండా మునిగిపోయింది, ముంచింది నేనే అనుకున్నాను. అన్నం తినబుద్ధి కాలేదు. మర్నాడు ఫోన్ వచ్చింది. అమ్మాయి మాట్లాడి, పెట్టేసి, నా వైపు తిరిగింది.

"సంతకం పెట్టకముందే ఒకసారి రమ్మంటున్నారు. లంచ్ బాక్స్ తెచ్చిన గ్రాండ్‌మదర్ తప్పకుండా రావాలట. అమ్మా, నువ్వు బడికెప్పుడెళ్ళావు?"

అల్లుడు, "అత్తయ్యా, అక్కడ తెలుగులో మాట్లాడారా?" అన్నాడు.

"నేను రెండే ముక్కలు బాబూ. మిగతాదంతా అదే."

తల పట్టుకుని కూర్చున్నాడు.

వెళ్ళాం. పిల్లల క్లాసు గది, పిల్లల కుర్చీలు. అల్లుడి మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. గొలుసు కళ్ళజోడామె అక్కడుంది. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల టీచర్ ఆమె. ఆ ఈఎస్ఎల్ అంటే భయపడ్డామే, ఆ క్లాసు ఈమెదే. టేబుల్ మధ్యలో ఫోన్ పెట్టి నొక్కింది. అందులోంచి తెలుగు వినపడింది.

"నమస్కారమండీ. నేను అనువాదకుణ్ణి. టీచర్ గారు చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతాను. మీరు చెప్పింది చెప్పినట్టు ఆవిడకు చెబుతాను."

అల్లుడు, మాకు ఇంగ్లీషు వచ్చు, ఇదెందుకు అన్నాడు. ఆమె చెప్పింది, ఫోనులో మనిషి తెలుగు చేశాడు. "మీకు వచ్చని తెలుసు. ఇది అమ్మమ్మ గారి కోసం. ఆమె మాట ఆమె నోటినుంచి వినాలి."

నా జన్మలో నా మాట వినడానికి ఎవరూ ఇంకో మనిషిని పెట్టలేదు. "ఏ ఊరు బాబూ మీది?" అన్నాను ఫోనుతో.

"అది చెప్పకూడదండీ."

"చెప్పకపోతే ఏం, గోదావరి యాస వినబడుతూనే ఉంది."

ఆయన, పాపం, చెప్పింది చెప్పినట్టు చెప్పాలి గదా, అది కూడా ఆమెకి ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె పకపకా నవ్వింది. అల్లుడు కూడా కొంచెం నవ్వాడు. గదిలో గాలి ఆడింది.

అప్పుడామె ఆ మూడు ప్రశ్నల కాగితం తీసి టేబుల్ మీద పెట్టింది. దాన్ని మా వైపు తొయ్యలేదు, వేలితో చూపించలేదు. ఊరికే పక్కన ఉంచుకుని నన్ను అడగడం మొదలుపెట్టింది. దెబ్బ తగిలితే పాప ఏమని అరుస్తుంది? ఎవరితోనైనా తగువు పెట్టుకుంటే ఏ భాషలో? నిద్రలో కలవరిస్తే ఏ భాషలో? ఎన్నో నెలలో మాటలు వచ్చాయి? ఐదేళ్ళప్పుడు ఏమేం మాట్లాడేది?

ఒక్కోటీ చెప్పాను. అరటిపళ్ళ బాబాయ్ సంగతి చెప్పాను. మబ్బు, వాన, విమానం కడగడం చెప్పాను. పక్కింటి గేదెకి స్నానం చేయించాలంటే ముందు దాన్ని ఎట్టా బుజ్జగించాలో అది వివరంగా చెప్పేదని చెప్పాను. ఫోనులో మనిషి చెబుతుంటే ఆమె రాసుకుంటూనే ఉంది.

అల్లుడు ఇక ఆగలేకపోయాడు. "మేమే తప్పు రాశాం," అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు కానీ, ఫోనులో మనిషి అదీ తెలుగులో నాకు చెప్పాడు. ఎందుకు రాశారో, గ్రీన్‌కార్డు భయం ఏంటో, పిల్ల ఎన్నేళ్ళు ఎక్కడుందో మొత్తం చెప్పాడు. అమ్మాయి తలెత్తలేదు.

ఆమె చెప్పింది, "ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఇట్టా రాస్తారు. పిల్ల మంచి కోరే రాస్తారు. ఇది బడి కాగితం. బడి పనికే వాడతాం. ఇంకో కాగితం ఇస్తాను, మళ్ళీ రాయండి." అంతే. ఒక్క గట్టి మాట లేదు. మా అమ్మాయి వైపు తిరిగి, "అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్ల మాటల్లో బలంగా ఉంటుంది. అది మీరు చేసిన మేలే," అంది. అమ్మాయి అప్పుడు ఏడ్చింది, కుళాయి లేకుండా.

అయినా ఆమె మా మాట మీద కూడా ఆగలేదు. అందుకే నాకు అంత గౌరవం. యార్డులో కొనేవాళ్ళు కొంతమంది బస్తా మీద చీటీ చూసి ధర కడతారు. ఇంకొంతమంది రైతు మాట విని కడతారు. వ్యాపారి తరఫున సరుకు చూసే మంచి మేస్త్రీ మోచేతి దాకా బస్తాలో చెయ్యి దించి, అడుగునుంచి గుప్పెడు కాయలు తీసి, విరిచి, వాసన చూసి మాట్లాడతాడు. ఈమె ఆ రకం. పిల్లను పిలిపించింది. అక్షరాలు లేని బొమ్మల పుస్తకం ఒకటి నా ఒళ్ళో పెట్టింది. "మీ భాషలో ఇద్దరూ మాట్లాడుకోండి. నేనిక్కడ కూర్చుంటాను," అంది. ఫోనులో మనిషిని తెలుగు చేయొద్దని చెప్పింది.

పిల్ల నా వేలి వైపు చూసింది. "మాట్లాడు తల్లీ," అన్నాను. "టీచరమ్మే మాట్లాడమంది."

"నిజంగానా? తెలుగు?"

"తెలుగే."

మెల్లగా మొదలుపెట్టింది. చెట్టు మీద నల్ల ముఖం జంతువు బొమ్మ వచ్చింది, ఇక్కడ రాకూన్ అంటారట. "పిల్లి చూడు," అన్నాను. "పిల్లి కాదమ్మమ్మా, నీకు కళ్ళజోడు మార్చాలి. దాని తోక చారలు చూడు, ముఖానికి గుడ్డ కట్టుకున్నట్టు లేదా? దొంగతనానికి వచ్చింది. మన చెత్తడబ్బా దగ్గరికి రోజూ వచ్చేది ఇదే, మూత తీసి మళ్ళీ పెట్టలేదు, అందుకే నాన్న గాలి పడేసిందనుకున్నాడు..." ఇక ఆగలేదు. ఆమె పుస్తకం వైపు చూడటంలేదు, పిల్ల ముఖం చూస్తోంది, చేతులు చూస్తోంది, మధ్యమధ్యలో రాసుకుంటోంది. పూర్తయ్యాక ఫోనులో మనిషిని అడిగింది. పిల్ల అమ్మమ్మను సరిదిద్దింది కదా? ఎందుకు సరిదిద్దిందో కారణం చెప్పింది కదా? తర్వాత ఎప్పుడో జరిగిన సంగతి తెచ్చి కలిపింది కదా? ఆయన ఆశ్చర్యపోయాడు. అవునండీ, మీకెట్టా తెలిసింది అన్నాడు. "విన్నాను గదా," అందామె.

ఒక్క ముక్క తెలుగు రాదు ఆమెకి.

తర్వాత వాళ్ళ పద్ధతి ప్రకారం ఇంగ్లీషు పరీక్ష పెట్టింది. నాలుగు భాగాలట. విని బొమ్మ చూపించడం, మాట్లాడటం, చదవడం, రాయడం. మేం బయట కూర్చున్నాం, తలుపు అద్దంలోంచి కనబడుతోంది. కష్టమైనవి రాగానే ఆమె పుస్తకం మూసేసింది. పిల్లను ఏడుపు దాకా పోనివ్వలేదు. మార్కులు చాలా తక్కువ వచ్చాయి. ఆ బుద్ధి పరీక్షల కాగితం ఇప్పుడవసరం లేదు, ఈ పిల్ల ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్ల, రోజూ ఒక పీరియడ్ నా దగ్గరికి వస్తుంది, మిగతా రోజంతా తన క్లాసులోనే ఉంటుంది అని చెప్పింది. పిల్లకి మార్కులు తక్కువొస్తే పండగ చేసుకున్న తెలుగువాళ్ళు మేమే అయ్యుంటాం. అల్లుడు దారిలో కారాపి ఐస్‌క్రీం కొన్నాడు.

ఇంకో మాట చెప్పింది ఆమె, లేచేటప్పుడు. "ఇంట్లో తెలుగు ఆపకండి. కథలు చెప్పండి, తగువులాడండి. ఆ బలం మీదే నేను ఇంగ్లీషు నేర్పుతాను." కారులో ఇంటిదాకా పిల్ల నోరు మూయలేదు. చేప పేరు అప్పుడు చెప్పింది. అరటిపళ్ళ బాబాయ్ పేరు పెట్టిందట.

నా వీసా అయిపోయి ఫిబ్రవరిలో గుంటూరు వెళ్ళిపోయాను. ఫోన్ కార్డు గీకి మాట్లాడితే, అది బళ్ళో ఇంకో దేశం పిల్లకి మా పన్ను, పేడ సంగతి ఇంగ్లీషులో చెప్పిందని చెప్పేది. ఏడాదికోసారి ఆ నాలుగు భాగాల పరీక్ష పెట్టేవారు. మళ్ళీ నేను వచ్చేసరికి మూడో క్లాసు చివర్లో ఉంది. బడినుంచి ఉత్తరం వచ్చింది. పరీక్షలో గట్టెక్కింది, ఇక ఆ క్లాసు అవసరం లేదని. హైస్కూల్ దాకా పోదన్న ముద్ర మూడేళ్ళలో పోయింది. పోయిన రోజు పిల్ల ముఖం వేలాడేసుకుంది. ఆ టీచరమ్మ దగ్గరికి రోజూ వెళ్ళేది పోతుందని.

నేను ఆమెను చూడాలన్నాను. బడి వదిలాక వెళ్ళాం, నేనూ పిల్లా. ఈసారి ఫోను పెట్టలేదు ఆమె. పిల్ల వైపు చూసి, "నువ్వు చెప్పు," అన్నట్టు సైగ చేసింది. మా మధ్య అదే అనువాదకురాలు.

మూడేళ్ళుగా నా లోపల ఉన్నదంతా చెప్పాను. చాలాసేపే చెప్పాను. పిల్ల విని, ఆమె వైపు తిరిగి, నాలుగు ముక్కల్లో చెప్పేసింది. అందులో థాంక్యూ ఒకటి నాకు తెలిసింది.

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. పిల్లతో ఏదో అంది. పిల్ల నాలుక కరుచుకుంది.

"ఏమంటోందే?"

"మీ అమ్మమ్మ అంతసేపు చెబితే నువ్వింతేనా చెప్పేది, మిగతాది ఏదీ అంటోంది. దొరికిపోయానమ్మమ్మా."

"మరి చెప్పు మొత్తం."

"నువ్వు సిగ్గుపడే మాటలు చెప్పావుగా."

"నా సిగ్గు నేను చూసుకుంటా. నువ్వు చెప్పు."

చెప్పింది. ఆరోజు వరండాలో దీని నోటి మీద వేలు పెట్టింది నేనే, మాటలు దండిగా ఉన్న పిల్లను రెండు నెలలు మూగదాన్ని చేసింది మేమే, ఆ రోజు నిన్ను చూసి మా కొంప ముంచడానికి వచ్చావనుకున్నాను, నన్ను క్షమించు అని. పిల్ల చెబుతూ చెబుతూ నా వైపు చూసింది. ఆ రెండు నెలలూ దానికి గుర్తున్నాయని అప్పుడే నాకు తెలిసింది.

ఆమె జవాబు చెప్పింది. ఈసారి పిల్ల ఒక్కో మాటా ఏరి ఏరి తెలుగు చేసింది.

"ఆ వేలు చూసే ఫైలు తీశానంటోంది. వేలు పెట్టకపోతే, ఎవరో అమ్మమ్మ, ఎవరో మనవరాలు, మాట్లాడుకుంటున్నారు, బాగుంది అనుకుని నా దారిన నేను పోయేదాన్నంటోంది. అంతలా మాట్లాడే పిల్లని ఆపారంటే ఏదో భయం ఉండాలి, అదేంటో చూద్దామనుకున్నానంటోంది."

ఆమె పిల్లతో ఇంకేదో అంది.

"ఇంకేమన్నా చెప్పాలా అని అడుగుతోంది అమ్మమ్మా."

"చెప్పాల్సింది చాలా ఉంది, వినే ఓపిక ఉందా అని అడుగు."

పిల్ల అడిగింది. ఆమె నవ్వి, ఆ పొడుగు మనిషి, పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.